కట్టుడు పళ్ళు: దవడల కొలతకు తొందర పనికిరాదు

పళ్ళన్నీ పోయిన పెద్దలు మన ఇళ్ళలో చాలామంది ఉంటారు. వారిలో కొందరికి పిల్లలు శ్రద్ధగా పళ్ళసెట్టు కట్టిస్తారు. కొన్ని నెలల తరువాత ఆ ఇంటికి వెళ్తే ఆ సెట్టు అలమరలో ఒక డబ్బాలో కనిపిస్తుంది. ‘అలవాటు కాలేదు’ అని పెద్దలు అంటారు. ‘వేలు పోసి కట్టిస్తే పెట్టుకోరు’ అని పిల్లలు అంటారు. ఉద్యోగంలో ఉన్న రోజులలోను, విరమించిన తరువాతను ఈ రెండు మాటలు నేను ఎన్నోసార్లు విన్నాను. చాలాకాలం నమ్మాను కూడా. ఇప్పుడు నమ్మడం లేదు. ఆ డబ్బాలలోని సెట్లలో చాలావాటి విషయంలో లోపం పెద్దవారి ఓపికలో లేదని, తయారీలో ఒక ముఖ్యమైన ఘట్టాన్ని తొందరగా దాటివేయడం వలననే అవి నోటికి దూరమయ్యాయని నా అభిప్రాయం. ఆ ఘట్టం పేరు దవడల సంబంధాన్ని నమోదు చేయడం.

నేను దంతవైద్యుడిని కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ వైద్యుడిగా పనిచేసి విరమించినవాడిని. నాకు ఈ విషయం తెలిసినది మా ఇంటిలో జరిగిన ఒక పొరపాటు వలన. అందులో నా పాలు కూడా ఉంది కనుక ముందుగా అదే చెబుతాను.

మా అక్కయ్య సంగతి

మా అక్కయ్యకు అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళు. చిగుళ్ళ వ్యాధి వలన మిగిలిన పళ్ళను కూడా తీయించి ఏడాది దాటింది. చిగుళ్ళు చక్కగా మానాయి. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు రెండు వారాల సెలవు మీద వచ్చి, ‘నేను తిరిగి వెళ్ళేలోగా అమ్మకు పళ్ళు కట్టించాలి మామయ్యా’ అన్నాడు. ఒక ప్రైవేటు దంతవైద్యశాలలో మూడు రోజులలో పై సెట్టు, కింది సెట్టు సిద్ధమయ్యాయి. ‘అంత త్వరగానా, మంచిదే’ అని నేనూ సంతోషించాను. పళ్ళు తెల్లగా, వరుసగా ఉన్నాయి. ఫొటోలు తీసుకున్నారు. అబ్బాయి విమానం ఎక్కాడు.

కొన్ని నెలలకు ఆమె పెదవుల మూలలు పగలడం మొదలయింది. నేను బి విటమిన్ల లోపం అనుకుని మాత్రలు వ్రాశాను. కొంత తగ్గి మళ్ళీ వచ్చింది. బూజు క్రిములేమోనని పూతమందు ఇచ్చాను. తగ్గి మళ్ళీ వచ్చింది. ఏడాదిలో ఆరు కిలోల బరువు తగ్గింది. రక్తంలో చక్కెర, థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూపించాను. కొద్దిపాటి రక్తహీనత తప్ప మరేమీ కనిపించలేదు. ఇనుము మాత్రలు మొదలుపెట్టాను.

ఒక పెళ్ళిలో ఆమె పక్కన భోజనానికి కూర్చున్నాను. విస్తరి ముందు కూర్చోగానే ఆమె పళ్ళసెట్టు తీసి చేతిరుమాలులో చుట్టుకుంది. గారె, కూరలు అన్నీ పక్కకు నెట్టి, పప్పుచారు అన్నం, పెరుగన్నం తిని లేచింది. అడిగితే, ‘ఇవి పెట్టుకుని తినలేనురా. ఫొటోలకు పెట్టుకుంటాను, తినేటప్పుడు తీసేస్తాను. అబ్బాయి డబ్బు పెట్టాడు, వాడికి చెప్పకు’ అన్నది.

పదహారు నెలలపాటు ఆమెకు రక్తపరీక్షలు చేయించాను. ఆ పళ్ళు పెట్టుకుని ఒక ముద్ద నమిలి చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. ఇది వైద్యుడిగా నా తప్పు.

ఆమెను ఒక ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో ఆచార్యుడైన పాత మిత్రుని వద్దకు తీసుకువెళ్ళాను. ఆయన ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టారు. దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ చుక్కల నడుమ దూరం కొలిచారు. పళ్ళు కరిపించి మళ్ళీ కొలిచారు. రెండింటికీ తేడా 9 మిల్లీమీటర్లు ఉంది. సాధారణంగా ఉండవలసినది 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అదికాక, ఆ పళ్ళను కలపాలంటే ఆమె కింది దవడను ముందుకు చాచవలసి వస్తోంది. ఆయన అన్నమాట నాకు గుర్తుండిపోయింది: ‘పళ్ళు మంచివే. అచ్చులు కూడా బాగానే తీశారు. దవడల కొలత తీసేవేళ ఎవరికో తొందరైంది.’

ఏమిటి ఈ కొలత?

పళ్ళసెట్టు అంటే చిగుళ్ళకు అచ్చు తీసి, దానికి సరిపడే పళ్ళు అమర్చడం అని మనం అనుకుంటాము. అచ్చు వలన తెలిసేది పై దవడ ఆకారం, కింది దవడ ఆకారం మాత్రమే. ఆ రెండూ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ స్థానంలో కలుసుకోవాలో అచ్చు చెప్పదు. మన నోటిలో పళ్ళున్నంత కాలం ఆ పని పళ్ళే చేస్తాయి. పంటి వేరు చుట్టూ ఉండే మెత్తని పొరలోని నాడులు ‘ఇక్కడ ఆగు’ అని దవడకు చెబుతుంటాయి. పళ్ళన్నీ పోయాక ఆ కబురు చెప్పేవారు లేరు. కింది దవడ గుమ్మానికి ఒకవైపు ఊడిన తలుపులా ఎక్కడికైనా కదులుతుంది. పోయిన ఆ హద్దును వెతికి పట్టుకోవడమే ఈ ఘట్టంలో జరిగే పని.

ఇందుకు చిగుళ్ళ అచ్చుల మీద తాత్కాలిక ఫలకాలు తయారుచేసి, వాటి మీద పళ్ళ స్థానంలో మైనపు గట్లు కడతారు. వాటిని నోటిలో పెట్టి మూడు విషయాలు తేలుస్తారు.

మొదటిది పై పళ్ళ వరుస ఎక్కడ ఉండాలన్నది. పెదవి వదులుగా ఉన్నప్పుడు పై గట్టు అంచు దాని కింద ఒకటి రెండు మిల్లీమీటర్లు కనిపించాలి. వయస్సు బాగా మీరినవారిలో అంతకన్న తక్కువ కనిపించినా సరే. ముందు నుంచి చూస్తే ఆ అంచు రెండు కంటిపాపలను కలిపే గీతకు సమాంతరంగాను, పక్క నుంచి చూస్తే ముక్కు రెక్క నుంచి చెవి ముందరి చిన్న బుడిపె వరకు గీసిన గీతకు సమాంతరంగాను ఉండాలి. పై దవడకు, చెవి ముందున్న దవడ కీళ్ళకు గల సంబంధాన్ని ఫేస్ బో అనే సాధనంతో పట్టి ఆర్టిక్యులేటర్ అనే యంత్రానికి అందజేస్తారు. దవడల కదలికలను ప్రయోగశాలలో అనుకరించేది ఆ యంత్రమే.

రెండవది ఎత్తు. మీకు సొంత పళ్ళుంటే ఇప్పుడే గమనించండి. పెదవులు కలిసి, దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు మీ పై పళ్ళు, కింది పళ్ళు తాకుతూ ఉండవు. వాటి నడుమ సన్నని జాగా ఉంటుంది. దవడ కండరాలు సేదతీరేది ఆ జాగాలోనే. పళ్ళసెట్టు ఎత్తు ఎక్కువైతే ఆ జాగా పోతుంది. అప్పుడు మాట్లాడుతుంటే పళ్ళు టకటకలాడతాయి, పెదవులు కలవవు, కండరాలు అలసిపోతాయి, చిగుళ్ళు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఎత్తు తక్కువైతే గడ్డం ముక్కుకు దగ్గరై ముఖం ముడుచుకుంటుంది. నమిలే బలం తగ్గుతుంది. పెదవుల మూలలలో మడతలు పడి, వాటిలో లాలాజలం నిలిచి చర్మం పగులుతుంది. మా అక్కయ్యకు జరిగినది ఇదే. ఎత్తు తగ్గడం వలన వచ్చిన పగుళ్ళకు నేను మాత్రలు వేశాను.

మూడవది ముందువెనుకల స్థానం. దవడ కీళ్ళు తమ గుంతలలో సరిగా కుదురుకుని ఉన్న స్థితిలో కింది దవడ ఎక్కడుంటుందో చూడడం. ఇది పళ్ళ మీద ఆధారపడని స్థానం, మళ్ళీ మళ్ళీ చేరుకోగల స్థానం. అందువలననే పళ్ళు లేనివారికి ఇది కొలబద్ద అయింది. కాని దీనిని పట్టుకోవడం సులభం కాదు. పళ్ళు పోయి ఏళ్ళయినవారు చిగుళ్ళతో నమలడానికి దవడను ముందుకు చాచడం అలవాటు చేసుకుంటారు. ‘కొరకండి’ అనగానే దవడను ముందుకే తెస్తారు. తొందరలో ఉన్న వైద్యుడు దానినే నమోదు చేస్తే, కుర్చీలో చక్కగా కలిసిన పళ్ళు ఇంటికి వచ్చాక కలవవు. మింగినప్పుడల్లా దవడ వెనుకకు వెళ్ళి సెట్టు జారుతుంది.

నాలుక కొనను అంగిలి వెనుక భాగానికి తాకించి నోరు మూయమనడం, మింగుతూ మూయమనడం, దవడ వదులయ్యేవరకు చాలాసార్లు తెరిపించి మూయించడం వంటి ఉపాయాలతో దవడను సరియైన స్థానానికి తీసుకువస్తారు. ఇరవయ్యవ శతాబ్దం తొలి రోజులలో స్విట్జర్లాండులోని జూరిచ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ గీజీ, దవడ ముందుకు, పక్కలకు కదిలేటప్పుడు ఒక సూదిమొన గీసే గీతలతో ఈ స్థానాన్ని గుర్తించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ గీతలు బాణపు మొనలా కలుస్తాయి. ఆ మొన ఉన్నచోటే దవడ సరియైన స్థానం. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

అంతకు ముందు, పంతొమ్మిదవ శతాబ్దంలో ఫిలడెల్ఫియా దంతవైద్యుడు బాన్‌విల్, రెండు దవడ కీళ్ళను, కింది ముందు పళ్ళు కలిసే చోటును కలిపితే నాలుగంగుళాల సమబాహు త్రిభుజం ఏర్పడుతుందని భావించి ఆ లెక్కతో యంత్రం చేశాడు. అది గొప్ప ఆలోచనే. కాని మనుషులందరూ ఆ త్రిభుజంలో ఇమడరని తరువాతివారు గ్రహించారు. సగటు కొలత సగటు మనిషికే సరిపోతుంది. కుర్చీలో కూర్చునే మనిషి సగటు మనిషి కాడు.

మాట కూడా కొలతే

అక్కయ్యకు రెండవసారి కొలతలు తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆచార్యులు ఆమె చేత ‘అమ్మ’ అనిపించారు. ‘మ’ పలికితే పెదవులు శ్రమ లేకుండా కలవాలి. ‘సీసా’, ‘సన్నజాజి’ అనిపించారు. ‘స’ పలికినప్పుడు పై, కింది గట్లు బాగా దగ్గరకు రావాలి కాని తాకకూడదు. మైనంలో పళ్ళు అమర్చి చూసే రోజున ‘కాఫీ’ అనిపించారు. ‘ఫీ’ అన్నప్పుడు పై ముందు పళ్ళు కింది పెదవిని తేలికగా తాకాలి. ఆమెకు నవ్వు వచ్చింది. ఆయన ఆ నవ్వును కూడా గమనించి ఒక పంటిని కొద్దిగా సర్దారు.

ఆ పూట దాదాపు గంట పట్టింది. ఇంటికి వచ్చాక ఫోనులో అబ్బాయి అడిగితే అక్కయ్య, ‘ఈరోజు ఏమీ చేయలేదురా, మైనం కరిపించి పంపారు’ అన్నది. ఇక్కడే ఉంది చిక్కంతా. ఈ ఘట్టంలో చేతికి వచ్చే వస్తువేదీ లేదు. ఏమీ జరగనట్లు కనిపించే ఆ పూటనే పళ్ళు నోటిలో ఉంటాయా, డబ్బాలో ఉంటాయా అన్నది తేలిపోతుంది.

తొందర ఎవరిది?

దంతవైద్యులను మాత్రమే తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ‘ఎన్ని రోజులలో ఇస్తారు?’ అన్నదే మనం అడిగే మొదటి ప్రశ్న. ‘ఎంత?’ అన్నది రెండవది. దవడల కొలత ఎలా తీస్తారని అడిగేవారు లేరు. అచ్చుకు, పంటికి ధర ఉందని ఒప్పుకుంటాము. వైద్యుని గంట సమయానికి ధర ఉందంటే ఒప్పుకోము. అటువంటప్పుడు తొందరగా, చౌకగా చేసేవారే నిలదొక్కుకుంటారు.

మూడు రోజులలో చేసిన సెట్లతో హాయిగా తింటున్నవారు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. చిగుళ్ళ గట్లు ఎత్తుగా, దృఢంగా ఉండి, నోటి కండరాలు చురుకుగా ఉన్నవారు కొద్దిపాటి లోపాలను సర్దుకుపోగలరు. నేర్పరి అయిన వైద్యుడు తక్కువ రోజులలో కూడా కొలతను సరిగా తీయగలడు. నేను వద్దనేది తక్కువ రోజులను కాదు, దాటవేసిన కొలతను. వయస్సు ముదిరి, గట్లు అరిగి, నాలుక, కండరాలు నెమ్మదించినవారికి సర్దుకునే శక్తి ఉండదు. పళ్ళు తీసిన తరువాత దవడ ఎముక ఏళ్ళ తరబడి అరుగుతూనే ఉంటుంది. ఇరవై అయిదేళ్ళ కాలాన్ని పరిశీలించి టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన అధ్యయనంలో కింది దవడ గట్టు అరుగుదల పై దవడకంటె సుమారు నాలుగు రెట్లు ఉన్నట్లు తేలింది. అరిగిన గట్టు మీద తప్పు కొలతతో చేసిన సెట్టు నిలవదు.

స్కానర్లు, కంప్యూటర్లతో పళ్ళసెట్లు చేసే కాలం వచ్చింది కదా, ఇక ఈ మైనం ఎందుకు అనేవారూ ఉన్నారు. కంప్యూటర్ పళ్ళను చక్కగా మలచగలదు. అయితే దవడ ఎక్కడ ఆగాలన్న సంగతి దానికి కూడా రోగి నోటి నుంచే అందాలి. తప్పు కొలత ఇస్తే అది ఆ తప్పును అతి నాజూకుగా తయారుచేసి ఇస్తుంది. ఇంప్లాంట్ల మీద నిలిపే సెట్లకు కూడా ఈ కొలత తప్పదు.

ప్రభుత్వానికి కూడా ఒక మనవి. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు ఉచితంగా ఇచ్చే ఉపకరణాలలో చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళతో బాటు కట్టుడు పళ్ళను కూడా చేర్చింది. పళ్ళను ఆ జాబితాలో చేర్చినవారికి వృద్ధుల ఆకలి తెలుసు. కాని చేతికర్రను ఒక శిబిరంలో ఒక పూటలో అందజేయవచ్చు. పళ్ళసెట్టును అలా అందజేయలేము. ఇటువంటి పథకాలు ఏవైనా శిబిరాన్ని అవసరమైనవారిని గుర్తించడానికి ఉపయోగించి, తయారీని దంతవైద్య కళాశాలలకు అప్పగించాలి. నాలుగైదు పర్యాయాలు వచ్చి వెళ్ళడానికి బస్సు ఛార్జీలు కూడా ఇవ్వాలి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. విద్యార్థులు నెమ్మదిగా చేస్తారని జనం అక్కడకు వెళ్ళడానికి వెనుకాడతారు. ఈ పనిలో నెమ్మది లోపం కాదు. పక్కన గురువు నిలబడి ప్రతి మెట్టునూ సరిచూడడం పెద్ద లాభం.

మీరు చేయగలిగినవి

కొలతలు తీసే పూట పొద్దున్నే, తిని, విశ్రాంతిగా వెళ్ళండి. అలసిన దవడ సరిగా సహకరించదు. పాత సెట్టు ఉంటే ఎంతకాలం ముందు తీసివేయాలో వైద్యుని అడగండి. పాత సెట్టును, పళ్ళున్న రోజులలో నవ్వుతూ దిగిన ఫొటోను వెంట తీసుకువెళ్ళండి. పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి, దవడ కీళ్ళ నొప్పి, నోరు ఎండిపోయేటట్లు చేసే మందులు ఉంటే చెప్పండి.

కుర్చీలో తల వెనుకకు వాల్చకుండా నిటారుగా కూర్చోండి. బలంగా కొరికి వైద్యుని మెప్పించాలని చూడకండి. దవడను వదులుగా విడవండి. మర్యాద కోసం ‘బాగానే ఉందండీ’ అనకండి. బాగులేకపోతే చెప్పడానికి తగిన సమయం అదే. మైనంలో పళ్ళు అమర్చి చూసే రోజును మానుకోకండి. ఆ రోజు మార్పులు సులభం. గట్టి సెట్టు తయారయ్యాక మార్పులు కష్టం. మీ ముఖం బాగా తెలిసినవారిని ఆ రోజు వెంట తీసుకువెళ్ళండి.

సెట్టు వచ్చిన మరునాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి తప్పక చూపించుకోండి. ఒరుసుకున్న చోట బ్లేడుతోనో గరుకు కాగితంతోనో మీరే గీకకండి. నోటిలో పుండు రెండు వారాలలో మానకపోతే పళ్ళసెట్టు వలననే అని ఊరుకోకుండా వైద్యునికి చూపించండి.

చివరిమాట

కొత్త పళ్ళు అలవాటు కావడానికి అక్కయ్యకు ఆరు వారాలు పట్టింది. కట్టుడు పళ్ళు సొంత పళ్ళు కావు. వాటితో కొరికే బలం సొంత పళ్ళ బలంలో నాలుగవ వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. జంతికలు ఆమె నేటికీ తినలేదు. జొన్నరొట్టెను చిన్న ముక్కలు చేసుకుని తింటుంది. గోంగూర, మునగకాడ, మగ్గిన జామపండు తింటుంది. పోయిన ఆరు కిలోలలో నాలుగు తిరిగి వచ్చాయి. పెదవుల పగుళ్ళు మాత్రలు లేకుండానే మానాయి. మా మేనల్లుడికి అసలు విషయం ఆమే చెప్పింది. ‘ఆ మూడు రోజులూ నీ సెలవు కొలతరా, నా నోటి కొలత కాదు’ అన్నది. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఈ వ్యాసం చదివిన తరువాత మీ ఇంటిలోని పెద్దవారిని నిందించకుండా, నెమ్మదిగా, ‘పళ్ళు పెట్టుకుని నాతో కలిసి భోంచేయండి’ అని అడగండి. వారు నమలడం చూడండి. నేను పదహారు నెలలు చేయని పని అది. దానికి వైద్య విద్య అక్కరలేదు.